ఎగువన వానలు, ఇక్కడ ఎండ: ఈ వారం బోటు నదిలోకి తీయవచ్చా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుందాం. ఐదున్నర మీటర్ల పైకప్పు లేని ఫైబర్ బోటు, దానికి వెనక గోడకు బిగించే 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు. నదిలో జెట్టీకి కట్టి ఉంది. ఎగువన మూడు రోజులుగా వానలు, మీ దగ్గర మాత్రం ఎండ కాస్తోంది. నిన్నటికీ ఇవాళ్టికీ నీళ్లు అర మీటరు పెరిగాయి. శనివారం నలుగురితో షికారు అనుకున్నారు. వెళ్లవచ్చా, వెళ్లకపోతే బోటును ఎలా కట్టాలి, మళ్లీ ఎప్పుడు తీయాలి అని అడిగారు.

వెళ్లకండి. నీళ్లు పెరుగుతున్నన్నాళ్లూ షికారు మాట మర్చిపోండి. అలాగని ఇంట్లో కూర్చున్నా కుదరదు, వీలైతే ఇవాళే జెట్టీకి వెళ్లి తాళ్లు మార్చాలి. వరదొచ్చినప్పుడు నడుపుతూ పోగొట్టుకునే బోట్ల సంగతి అందరికీ తెలుస్తుంది. కట్టిన చోటే మునిగేవి, ఒడ్డుకెక్కి ఇరుక్కునేవి కూడా తక్కువేం కాదు. వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఆకాశం చూసి నిర్ణయం తీసుకోవద్దు. మీ రేవుకు వచ్చే నీళ్లు ఎప్పుడో, ఎక్కడో కురిసినవి. పెద్ద నదిలో ఎగువ వాన దిగువకు చేరడానికి రోజులు పడుతుంది. ఆనకట్ట గేట్లు ఎత్తితే గంటల్లోనే రావచ్చు. చూడాల్సింది నీటిమట్టం, అది కూడా అంకె కంటే ముందు అది ఎటు పోతోందన్నది. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది లాకుల దగ్గర పెట్టే హెచ్చరిక బోర్డుల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పసుపు బోర్డులు రెండు రకాలు, ప్రవాహం పెరుగుతోందని ఒకటి, తగ్గుతోందని ఒకటి. తెడ్డు పడవలకు రెండిట్లోనూ వద్దనే చెబుతారు. ఇంజిన్ బోట్లను మాత్రం పెరుగుతున్నప్పుడు భద్రమైన చోట కట్టేసుకోమంటారు, తగ్గుతున్నప్పుడు జాగ్రత్తగా నడుపుకోమంటారు. ఎర్ర బోర్డు పెడితే ఎవరూ కదలకూడదు.

"40 హార్స్‌పవర్ ఉంది కదా, ప్రవాహానికి ఎదురెళ్లలేదా" అని మీరు రాసిన మాట దగ్గరికొద్దాం. వెళ్తుంది, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ప్రవాహం వేగం కొలవండి. ఒడ్డున పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకుని, పై గుర్తు దగ్గర నది మధ్యకి చిన్న పుల్ల విసిరి, రెండో గుర్తు దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఐదు సెకన్లు పడితే సెకనుకు 2 మీటర్లు, అంటే గంటకు 7.2 కిలోమీటర్లు. సరదాగా తెడ్డు వేసేవాడు ఇందులో వెనక్కే పోతాడు. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన బోటు, నీటిగీత దగ్గర ఆరు మీటర్ల పొడవున్నది, ఎంత ఇంజిన్ పెట్టినా గంటకు 11 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే ఎదురు ప్రవాహంలో దానికి మిగిలేది నడక వేగం కంటే తక్కువ. మీది నీటి మీద తేలి జారే రకం కాబట్టి సునాయాసంగా ఎదురెళ్తుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపే సుమా.

ఇంజిన్ ఆగిన క్షణం నుంచి మీరు నిమిషానికి 120 మీటర్లు దిగువకు కొట్టుకుపోతారు. కింద 600 మీటర్ల దూరంలో వంతెనో, అడ్డకట్టో ఉంటే మీ చేతిలో ఉన్నది ఐదు నిమిషాలు. పైగా వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు ఒక మీటరు ప్రవాహంలో చేత్తో పట్టి ఆపగలిగిన బోటును రెండు మీటర్లకి చేరాక నలుగురు పట్టినా ఆపడం కష్టం.

ఇంజిన్ సరిగ్గా వరదలోనే ఎందుకు ఆగుతుందంటే, కొత్తనీరు ఒడ్డుల్ని కడుక్కుంటూ వస్తుంది. దుంగలు, తాళ్లు, ప్లాస్టిక్ సంచులు, పీకేసిన చెట్లు, నాచు కుప్పలు అన్నీ కలిసే వస్తాయి. మామూలుగా జరిగేవి ఇవి:

ఫ్యాను (ప్రొపెల్లర్) దుంగకు తగులుతుంది. చిన్న మోటార్లలో ఫ్యానును పట్టి ఉంచే షియర్ పిన్ తెగుతుంది, స్పేర్ పిన్ను ఉంటే నిమిషాల్లో మార్చుకోవచ్చు. మీ సైజు మోటారుకు సాధారణంగా పిన్ను ఉండదు, ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. గట్టి దెబ్బకి అది జారిపోతుంది. ఇంజిన్ హోరెత్తుతుంది, బోటు కదలదు. అప్పుడు ఇంకా రేజ్ చేస్తే ఆ కాస్త పట్టు కూడా పోతుంది. యాక్సిలరేటర్ బాగా తగ్గించి, పట్టు ఉన్నంత మేర ఒడ్డుకు చేరడమే మార్గం.

రెండోది, ఇంజిన్‌ను చల్లబరచడానికి నీళ్లు లాగే జాలీకి సంచో నాచో అడ్డం పడటం. మోటారు వెనక నుంచి సన్నటి ధారగా నీళ్లు చిమ్ముతుంటాయి చూడండి, వరద నీళ్లలో ప్రతి రెండు మూడు నిమిషాలకోసారి దాని మీద ఓ కన్ను వేయాలి. ధార సన్నబడితే అలారం కోసం ఎదురుచూడవద్దు. న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపి, మోటారు పైకి వంచి జాలీ శుభ్రం చేయాలి. అంతసేపూ బోటు కొట్టుకుపోతూనే ఉంటుంది కాబట్టి లంగరు చేతికందేలా ఉండాలి. ఇది కాక బురద నీళ్లలోని సన్న ఇసుక వాటర్ పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్‌ను) అరగదీస్తుంది. ఆ నష్టం ఆ రోజు తెలియదు, తర్వాతెప్పుడో ఎండలో వేడెక్కినప్పుడు బయటపడుతుంది.

లంగరు ముక్కు నుంచే వేయాలి, వెనక నుంచి వద్దు. మోటారు బిగించిన వెనక గోడ తక్కువ ఎత్తుంటుంది, మోటారు బరువుతో ఇంకా కుంగి ఉంటుంది. వెనక తాడు బిగుసుకోగానే ప్రవాహం అక్కడి నుంచి లోపలికెక్కుతుంది. బోటు నిండటానికి ఒక నిమిషం కూడా అక్కర్లేదు. తాడు పొడవు లెక్కలో లోతుతో పాటు ముక్కు ఎత్తు కూడా కలపాలి. లోతు 4 మీటర్లు, ముక్కు ఎత్తు 1 మీటరు అనుకుంటే మొత్తం 5, దానికి ఏడింతలు 35 మీటర్లు. వరదతో మరో 2 మీటర్లు పెరిగితే అదే లెక్కన 49 మీటర్లు కావాలి. మామూలు రోజుల్లో సరిపోయే 35 మీటర్ల తాడు ఆ రోజు లంగరును నేల మీద ఈడ్చుకుపోతుంది. లంగరు వేసి ఎక్కువసేపు ఉండకూడదు కూడా, కొట్టుకొచ్చే చెత్తంతా తాడుకు చుట్టుకుని బరువెక్కిపోతుంది. తాడు కోయడానికి పదునైన కత్తి ముక్కు దగ్గరే కట్టి ఉంచండి, పెట్టెలో అడుగున కాదు.

నీళ్లలో కంటికి కనిపించనివాటిలో అడ్డకట్టంత ప్రమాదం ఇంకోటి లేదు. ఎగువ నుంచి చూస్తే అడ్డంగా ఒక నున్నటి గీతలా కనిపిస్తుంది, అంతే. వరదలో నీళ్లు దాని మీదుగా దూకి, కింద వెనక్కి తిరిగి సుడి కడతాయి. అందులో పడ్డ బోటును, మనిషిని కట్ట గోడ వైపే లాగి తిప్పుతూ ఉంటాయి. లైఫ్ జాకెట్ ఉన్నా అందులోంచి బయటపడటం కష్టం. కాపాడటానికి వెళ్లిన వాళ్లు కూడా అక్కడే చిక్కుకుంటారు. నీటిలోకి వాలిన చెట్టు కూడా అంతే. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, బోటు పోదు, మనిషి పోడు. ఒకవేళ అడ్డంగా చెట్టుకో వంతెన స్తంభానికో తగులుకుంటే భయంతో అందరూ దానికి దూరంగా ఎగువ వైపుకు ఒరుగుతారు. ఎగువ అంచు నీళ్లలో మునిగి బోటు బోల్తా పడేది అప్పుడే. బరువంతా అడ్డం ఉన్న వైపుకే వేయాలి.

వంతెన కింద మామూలుగా మీటరున్నర ఖాళీ ఉండే చోట నీళ్లు మీటరు పెరిగితే మిగిలేది అర మీటరు. లెక్క చిన్నదే, కానీ రోజూ వెళ్లే దారి కాబట్టి ఎవరూ వేయరు.

ఇప్పటికే నదిలో ఉండగా పోటు మొదలైతే: నీళ్ల రంగు మారుతుంది, ఆకులు, పుల్లలు, నురగ తెట్టెలు కట్టి వస్తాయి, ఉదయం కనిపించిన ఒడ్డు రాయి మునిగిపోతుంది. వీటిలో ఏ రెండు కనిపించినా చాలు. ముందు అందరూ జాకెట్లు బిగించాలి, నడిపేవాడు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే కట్ ఆఫ్ తాడు అతని చేతికో కాలికో తగిలించుకోవాలి. వంపుల్లో బయటి ఒడ్డున వడి ఎక్కువ, చెట్లు విరిగిపడేదీ అక్కడే. లోపలి ఒడ్డు పట్టుకుని పోండి. ఒడ్డు చేరేటప్పుడు ఎప్పుడూ ముక్కు ఎగువకే ఉండాలి. ప్రవాహానికి సరిపోయేంత యాక్సిలరేటర్ ఇచ్చి, ముక్కును ఒడ్డు వైపుకు కొద్దిగా, ఓ ఇరవై ముప్పై డిగ్రీలు తిప్పితే ఉన్నచోటి నుంచి దిగువకు పోకుండా అడ్డంగా జరుగుతుంది. దిగువకు మొహం పెట్టి జెట్టీకి రావడానికి ప్రయత్నిస్తే ఆగదు, చుక్కాని మాట వినదు.

గాలివాన సంగతి వేరు. గాలి ప్రవాహానికి ఎదురుగా వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. గంటకు 20–28 కిలోమీటర్ల గాలికే, అంటే గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో 4కే, తెల్ల నురగ తలలు తరచుగా కనిపిస్తాయి. పైకప్పు లేని చిన్న బోటుకు వెనక్కి తిరగాల్సిన గుర్తు అదే. అలల్ని ముక్కుకు సూటిగా కాకుండా కాస్త ఏటవాలుగా తీసుకోండి, వేగం తగ్గించండి, మనుషుల్ని మధ్యలో కిందనే కూర్చోబెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపు ఉంటే పిడుగు మీ దగ్గరికీ రావచ్చని లెక్క. ఒడ్డు చేరి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చేపల గాలపు కర్రలు పడుకోబెట్టేయండి.

లైఫ్ జాకెట్ మీద న్యూటన్లలో అంకె ఉంటుంది. 50 అంటే ఈత వచ్చినవాడికి, ఒడ్డు దగ్గరున్నప్పుడు మాత్రమే. వరద నదికి కనీసం 100, స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పాలంటే 150. పిల్లలకు, బొద్దుగా ఉన్నవాళ్లకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే జాకెట్ తలమీదుగా జారిపోతుంది.

ఇప్పుడు అసలు పని, కట్టడం.

అన్నిటికంటే మంచిది బోటును నీళ్లలోంచి తీసి ట్రెయిలర్ మీద గట్టుకు చేర్చడం. పాత వరద గుర్తుకు పైనే నిలపండి, అడుగు బిరడా తీసేయండి, మోటారును నిటారుగా దించి ఉంచితే లోపలి నీళ్లు కారిపోతాయి. ట్రెయిలర్ చక్రాలకు అడ్డం పెట్టి, బోటును నేలకు బిగించండి. నీళ్లు అక్కడిదాకా వస్తే అది కూడా తేలిపోతుంది. నది ఇప్పటికే ర్యాంపు మీద దూకుతుంటే మాత్రం ఈ ప్రయత్నం వద్దు, ఆలస్యమైపోయినట్టే.

తీయలేకపోతే తాళ్ల లెక్క చూడాలి. జెట్టీ స్థిరమైనదైతే పొట్టి తాళ్లే శత్రువులు. ఒక ఉదాహరణ. బోటు కొక్కెం, జెట్టీ కొక్కెం ఇప్పుడు ఒకే ఎత్తులో ఉన్నాయనుకోండి. నీళ్లు మీటరున్నర లేచాయి. తాడు పొడవు 2 మీటర్లైతే ఆ లేచిన ఎత్తుకు 50 సెంటీమీటర్లు వదులు కావాలి. లేకపోతే తాడు బోటు అంచును కిందికి లాగి పట్టుకుంటుంది, ఒక పక్క ఒరిగి నీళ్లు పడతాయి. అదే తాడు 6 మీటర్లు ఉండి ఏటవాలుగా ముందుకో వెనక్కో పోతే కావాల్సిన వదులు 19 సెంటీమీటర్లే. నైలాన్ సాగుడులోనే అందులో కొంత సర్దుకుంటుంది. కాబట్టి ముక్కు ఎగువకు పెట్టి, నాలుగు తాళ్లు కట్టండి: ముక్కు తాడు ఎగువకు దూరంగా, వెనక తాడు దిగువకు దూరంగా, మిగతా రెండూ బోటు పక్కగా ఒకదానికొకటి ఎదురుగా. నాలుగూ పొడుగ్గానే ఉండాలి.

మీ సైజు బోటుకు 12 మిల్లీమీటర్ల నైలాన్ మోకు చాలు. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్ తాళ్లు ఈ పనికి పనికిరావు. తాడు అంచుకు రాసుకునే చోట పాత రబ్బరు గొట్టం ఓ అడుగు ముక్క తొడగండి. తెగేది ఎక్కువగా అక్కడే. ముడి పడ్డచోట తాడు బలం మూడో వంతో అంతకన్నా ఎక్కువో పోతుంది, అందుకే రెండు తాళ్లు ముడేసి ఒకటి చేయకండి. ఇక ముడి రకం. కొక్కెం చుట్టూ రెండు చుట్లు చుట్టి పైన రెండు ముడులు వేస్తే బిగుతులో ఉన్నా విప్పవచ్చు. తాడు కొసకు జారని ఉచ్చు వేసే బోలైన్ ముడి గట్టిదే కానీ బరువు మీద ఉండగా విప్పలేరు. అర్ధరాత్రి తాడు వదలాల్సి వచ్చినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. జెట్టీ చెక్క రెయిలింగ్‌కు కట్టవద్దు, అది బోటుతో పాటే ఊడి వస్తుంది.

జెట్టీ తేలేదైతే తాళ్ల బాధ తక్కువ, ఇంకో బాధ ఉంది. జెట్టీ పైకీ కిందికీ జారే గుంజల తలలు చూడండి. జెట్టీ నుంచి గుంజ తలదాకా రెండు మీటర్లు మిగిలి ఉండి, రాబోయే పెరుగుదల రెండున్నర మీటర్లని చెబితే, ఆ జెట్టీ బోట్లన్నిటితో సహా గుంజలు దాటి కొట్టుకుపోతుంది. అక్కడ ఏ ముడీ కాపాడదు. బోటును తరలించాల్సిందే.

పైన పడే వానను తక్కువ అంచనా వేయకండి. ఐదున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు అంటే 11 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే అందులో 1,100 లీటర్లు, అంటే టన్నుకు పైగా బరువు. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు 3 ఆంపియర్లు లాగుతూ ఆగకుండా నడిస్తే రోజుకు 72 ఆంపియర్ అవర్లు, మీ బ్యాటరీ అంతే ఉండొచ్చు. అడుగున ఆకులు, చెత్త తీసేయకపోతే నీళ్లు చేరగానే పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుని పంపు అసలు మొదలవదు. టార్పాలిన్ కప్పితే మధ్యలో కర్ర నిలబెట్టి వాలుగా కప్పండి. లేకపోతే అదే చెరువవుతుంది. ఒడ్డు నుంచి వచ్చే కరెంటు కనెక్షన్ తీసేయండి. మునిగిన జెట్టీలో వైరు ఉంటే ఆ చుట్టుపక్కల నీళ్లలోకి దిగడం ప్రాణాల మీదికే.

నీళ్లు పెరిగేటప్పుడు అందరూ కాపలా కాస్తారు, తగ్గేటప్పుడు నిద్రపోతారు. బోటు గట్టు మీదికి తేలి ఉండగా రాత్రికి రాత్రి నీళ్లు దిగితే సగం గట్టు మీద, సగం గాల్లో వేలాడుతుంది, తెల్లారేసరికి వీపు విరిగి ఉంటుంది. గట్టుకీ బోటుకీ మధ్య రెండు గెడలు దింపి ఉంచితే గట్టెక్కదు. తాళ్లు మాత్రం కొన్ని గంటలకోసారి సర్దాలి. నానిన గట్లు నీళ్లు తగ్గుతున్నప్పుడే విరిగి పడతాయి, అంచున నిలబడవద్దు. మోకాలి లోతు వడి నీళ్లైనా దాటి బోటు దగ్గరికి పోవద్దు. తాళ్ల పనికి ఇద్దరు వెళ్లండి, ఒడ్డు మీద పనైనా జాకెట్ వేసుకునే.

మళ్లీ ఎప్పుడు? మట్టం మామూలుకు వచ్చి రెండు రోజులు నిలకడగా ఉండాలి, నీళ్ల రంగు తేరాలి, అధికారుల ఆంక్షలు ఎత్తేసి ఉండాలి. మూడూ కావాలి. మొదటిసారి అతిథులు లేకుండా, నెమ్మదిగా, ముందు ఎగువకు వెళ్లండి. ఏదైనా చెడితే ప్రవాహం ఇంటివైపే తెస్తుంది. ఇసుక మేటలు చోటు మారి ఉంటాయి, తేలే గుర్తులు కొట్టుకుపోయో జరిగిపోయో ఉంటాయి, పాత జీపీఎస్ దారిని నమ్మవద్దు. వేళ్లు అడుగున పాతుకుపోయి, తల నీటి కిందే దాగిన చెట్లు నెలల తర్వాత కూడా దొరుకుతాయి. నానిన గట్ల పక్కన వేగంగా పోతే మీ అలకే గట్టు కోసుకుపోతుంది. వరద నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. కాళ్లకు పుండ్లుంటే దిగకండి, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) ఆ దారినే వస్తుంది.

బయల్దేరేముందు గేరు ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. పెట్రోలు ఫిల్టర్ గిన్నెలో అడుగున నీటి పొర ఉందేమో కూడా చూడాలి.

మోటారు నీళ్లలో మునిగిపోయి ఉంటే తాళం తిప్పవద్దు, సిలిండర్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి తీసిన కొద్ది గంటల్లోనే పని జరగాలి, గాలి తగిలాకే తుప్పు మొదలయ్యేది. బ్యాటరీ తీసేసి, మంచినీళ్లతో బురద కడిగి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి సిలిండర్లలో నీళ్లు బయటికి పంపండి. ఆపైన సిలిండర్లలోకి నూనె కొట్టి మళ్లీ తిప్పండి. ఆయిల్, పెట్రోలు మొత్తం మార్చాలి. మునిగినప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండి ఉంటే ఇవేవీ చేయకుండా నేరుగా మెకానిక్‌కు ఇవ్వండి. మెకానిక్ ఆ రోజే దొరక్కపోతే, ఆయన వచ్చేదాకా మోటారును మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడం ఆరుబయట వదిలేయడం కంటే నయం. వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ నీటి అడుగున గాలి తగలదు.

మీ ప్రశ్నలో మూడు వివరాలు లేవు: జెట్టీ తేలేదా స్థిరమైనదా, తేలేదైతే గుంజల తలలు ఇంకా ఎంత ఎత్తున్నాయి, రేవుకు దిగువన మొదటి వంతెనో కట్టో ఎంత దూరం. అవి రాస్తే తాళ్ల పొడవులు అంకెల్లో చెబుతాను.